బస్తాడు స్ప్రౌట్స్

మా బావమరిది ఏ పనీ చిల్లరగా చెయ్యడు. ఒక టార్చిలైటు కొనుక్కురమ్మంటే డజను తెస్తాడు. అందుకే మా ఇంట్లో వాడి పేరు హోల్‌సేల్. ఆ చలికాలం మొదట్లో ఒక ఉదయం వాడు భుజం మీద బస్తా వేసుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చి, దాన్ని మా వంటింటి గుమ్మం దగ్గర దబ్బున పడేశాడు.

"ఏంట్రా ఇది?"

"నాన్నకి మందు, బావా."

మూతి విప్పి చూశాను. క్యాబేజీలు. ఒక్కొక్కటీ నిమ్మకాయంత కూడా లేదు. ఎవరో మంచి క్యాబేజీలకు శిక్ష వేసి కుదించినట్టున్నాయి.

"హాస్పిటల్ నుంచి ఫోనొచ్చింది. బస్సు నడుపుతుంటే అక్క ఫోనెత్తదు కదా, నాకు చేశారు. నాన్న ఒంట్లో ప్రొటీన్ లేదట. రోజూ స్ప్రౌట్స్ పెట్టండి, నిన్న ఆయనకీ చెప్పాం, మర్చిపోతారేమోనని మళ్ళీ చెబుతున్నాం అన్నారు. ఇవిగో స్ప్రౌట్స్. మా దగ్గర గుట్టలున్నాయి."

వాడు పనిచేసేది కూరగాయల కోల్డ్ స్టోరేజీలో. అక్కడ పెట్టె మీద పూర్తి పేరు రాసే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ చిట్టి క్యాబేజీల పేరు బ్రస్సెల్స్ స్ప్రౌట్స్, అక్కడ మాత్రం ఉత్త స్ప్రౌట్స్. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ వాడికి ఆ మాటకు వేరే అర్థం లేదు.

నాకు అనుమానం రాకపోలేదు. క్యాబేజీలో ప్రొటీనేమిటి? రెండు కాయలు పట్టుకుని మామగారి గదిలోకి వెళ్ళాను. ఆయన పత్రికాఫీసులో ప్రూఫ్‌రీడరుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ టూత్‌పేస్టు డబ్బా మీద రాసింది చదివి తప్పులు పడతారు.

"మామయ్యా, డాక్టరు తినమన్నది ఇదేనా?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"స్ప్రౌట్స్ అన్నాడు. మాట అదే. అచ్చుతప్పు లేదు."

ప్రూఫ్‌రీడరు సరే అన్నాక ఇక అచ్చుకు వెళ్ళాల్సిందే. నేను గరిటె పట్టుకున్నాను.

గరిటె నా చేతికి రావడానికి కారణం సమ్మె. మా సీసాల ఫ్యాక్టరీ గేటుకు తాళం పడింది. పొద్దున్నే వెళ్ళి గేటు ముందు నినాదాలు చెయ్యడం, మధ్యాహ్నానికి ఇంటికి రావడం, ఇదే నా ఉద్యోగం. మా ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. ఖాళీగా కూర్చున్నావుగా, వండు అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. గరిటె నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది.

మామగారి గుండెలో ఒక కవాటం పాడైంది. దాన్ని మార్చాలి. కానీ నలభై ఆరు కిలోల మనిషిని ఆపరేషన్ బల్ల ఎక్కించనని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. యాభైకి రావాలి. చలికాలం అయ్యేలోపు రావాలి. ఆ తర్వాత ఆ గుండె ఎన్నాళ్ళు ఓపిక పడుతుందో తాను మాటివ్వలేనన్నాడు. అది విన్న రోజు మా ఆవిడ ఇంటికొచ్చి యూనిఫాం కూడా మార్చుకోకుండా ఇల్లంతా ఊడ్చింది. అప్పటికే ఊడ్చిన ఇల్లు.

కాబట్టి ఆ బస్తా మాకు ఆటవస్తువు కాదు.

మొదటి రోజు అన్నిటినీ కుక్కర్లో వేశాను. నాకు తెలిసిన వంట అదే, దేన్నయినా ఇక ఎదురు తిరగలేనంత మెత్తగా ఉడికించడం. మూత తీశాక కింది వాటా టైలరమ్మ పైకొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్యా, మీ బాత్‌రూమ్ పైపు ఏమన్నా పగిలిందా?"

"వంట చేస్తున్నానమ్మా."

"అయ్యో" అని వెళ్ళిపోయింది. ఆ అయ్యోలో నా మీద జాలి ఉందో, ఇంట్లోవాళ్ళ మీద ఉందో తేల్చుకోలేకపోయాను.

భోజనాల బల్ల దగ్గర మొదటి తీర్పు మా అమ్మాయి ఇచ్చింది. దానికి ఏడేళ్ళు. దేని మీదైనా తీర్పు చెప్పందే ఊరుకోదు, అందుకే దాన్ని జడ్జి అంటాం.

"నాన్నా, ఇది తడిసిన సాక్సు."

"తిని చెప్పు."

"తిన్నాకే చెబుతున్నా."

మామగారు మాత్రం ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, గుటుక్కున మింగారు. "డాక్టరు మాట కాదనకూడదు" అన్నారు. పక్కన పెట్టిన గుడ్డు, బ్రెడ్డు, పాలు, దేని జోలికీ పోకుండా లేచారు. "ఇక కడుపులో చోటు లేదు అల్లుడూ. ఇవి చాలా నిండుగా ఉన్నాయి."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఒక స్ప్రౌటు మింగడం, కడుపు పట్టుకోవడం, లేచిపోవడం.

నేను ఊరుకున్నానా? తురిమి సూపులో వేశాను. సూపు ఆకుపచ్చ బురదలా తయారైంది. ఉల్లిపాయలతో కలిపి వేయించబోయి, మగ్గాలని మూత పెట్టాను. మూత కింద మళ్ళీ అదే వాసన. ఉడికించి, మెదిపి, బంగాళాదుంపలో కలిపి ఉండలు చేశాను. జడ్జి ఒక ఉండను ఫోర్కుతో విప్పి, లోపల ఆకు పోగు బయటికి లాగి, "దొరికింది" అంది. గేటు దగ్గర సమ్మెలో నా పక్కన కూర్చోవడం అందరూ మానేశారు. నా స్వెట్టరుకు ఆ వాసన పట్టింది. "క్యాబేజీ వచ్చాడ్రోయ్, గాలి ఎటుందో చూసి కూర్చోండి" అని మా మెకానిక్కు దూరం నుంచే అరిచేవాడు. మేనేజిమెంటు మీద నినాదాలకన్నా దానికి ఎక్కువమంది నవ్వేవాళ్ళు.

సగం చలికాలం గడిచాక మా ఆవిడ తండ్రిని తూకానికి తీసుకెళ్ళింది. తిరిగొచ్చి మామగారు తిన్నగా గదిలోకి వెళ్ళిపోయారు. ఆమె వంటింట్లోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

"నలభై అయిదు."

"తగ్గారా?"

"తగ్గకేం? బరువు యంత్రం ఎక్కేముందు కోటు తీశాడు, బూట్లు తీశాడు, బెల్టు తీశాడు, గడియారం తీశాడు. చివరికి పళ్ళసెట్టు కూడా తీసి నర్సు చేతిలో పెట్టాడు. కచ్చితంగా ఉండాలట. ఆ అమ్మాయి మొహం చూడలేకపోయాను." ఆమె గిన్నె మూత ఎత్తి చూసి మళ్ళీ మూసేసింది. "ఏమయ్యా, ఒక్క పూట, ఒకే ఒక్క పూట, మనిషి తినేలా వండలేవా?"

"నేను సీసాలకు మూతలు బిగించేవాణ్ణే."

"తెలుస్తూనే ఉంది. వంటకీ అదే చేస్తున్నావు."

నేను స్టవ్ వెలిగించి పెనం పెట్టాను. అంతలో హోల్‌సేల్ ఇంకో బస్తాతో దిగాడు.

నాకు తిక్క రేగింది. పెనం మీద నూనె, ఒక వెన్నముక్క అప్పటికే వేడెక్కుతున్నాయి. కత్తి చేతిలో ఉంది. ఒక్కొక్క కాయనూ నిలువునా రెండుగా నరికి పెనంలోకి విసురుతూ వాణ్ణి అందుకున్నాను.

"మళ్ళీ తెచ్చావా? ఎవరడిగారు నిన్ను? మొదటి బస్తాయే బాల్కనీలో ఉంది! మనుషులు నడవడానికి దారి లేదు!"

"నాన్న కోసం మోసుకొస్తే నన్నంటావేంటి బావా? నువ్వు సరిగ్గా వండితే ఆయన తినేవాడు."

"వచ్చి వండు! రా! ఇదిగో గరిటె!"

"నేను వండితే నువ్వు ఏం చేస్తావు? ఇప్పటికే ఖాళీగా ఉన్నావు."

"సమ్మెని ఖాళీ అంటావా?"

"అనలేదు. నువ్వే అన్నావు."

"ఇద్దరూ నోరు ముయ్యండి" అని మా ఆవిడ స్టూలు మీంచి అరిచింది. కానీ అప్పటికి మేం బస్తా చెరో చివరా పట్టుకుని, వాడు లోపలికీ నేను బయటికీ లాగుతూ మెట్ల దగ్గరికి చేరాం. ఆమె మా వెనకే వచ్చింది. పెనం సంగతి ముగ్గురికీ గుర్తులేదు. గరిటె పెట్టినవాళ్ళు లేరు, నీళ్ళు చల్లినవాళ్ళు లేరు, మూత పెట్టినవాళ్ళు లేరు.

ముందు ఆగింది హోల్‌సేలే. ముక్కు ఎగబీల్చాడు.

"బావా, ఎవరో వేరుశనగలు వేయిస్తున్నారు."

వాసన మా ఇంట్లోంచే వస్తోంది. పరుగెత్తుకొచ్చేసరికి జడ్జి స్టవ్ పక్కన నిలబడి ఫోర్కుతో పెనంలోంచి తీసుకుని తింటోంది. ప్రతి ముక్కా కోసిన వైపు అడుగున పడి, బాగా ఎర్రబడి, అంచులు నల్లగా కరకరలాడుతున్నాయి. పైవైపు ఇంకా పచ్చగానే ఉంది.

"మాడిపోయాయే, తినకు!"

"మాడనీ" అంది అది, ఇంకోటి గుచ్చుకుంటూ. "ఇవి వేరే."

నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. పైన కరకర, లోపల మెత్తన, చివర్లో కాస్త తీపి. ఇన్నాళ్ళూ నేను వాటిని నీళ్ళలో ముంచి, మూతేసి, ఊపిరాడకుండా చంపుతున్నానన్నమాట.

అప్పుడే మామగారు మఫ్లరు చుట్టుకుని గదిలోంచి వచ్చారు. ఏమిటా వాసన అని కూడా అడగలేదు. జడ్జి చేతిలోంచి ఫోర్కు తీసుకుని ఒక ముక్క తిన్నారు. ఇంకోటి. నిలబడే ఇంకో మూడు. తర్వాత ఉన్నట్టుండి ఆగి, ఆ ఫోర్కు తనని మోసం చేసినట్టు దానివంక చూసి, స్టవ్ పక్కన పెట్టేసి, చరచరా గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

"ఏమైంది నాన్నకి?" అంది మా ఆవిడ.

"అక్కా, ఆయనకి నచ్చింది" అన్నాడు హోల్‌సేల్. "నచ్చితే మన ఇంట్లో అందరూ అలాగే చేస్తారు."

ఆ మర్నాటి నుంచి నాకు పట్టపగ్గాలు లేవు. చిట్టి క్యాబేజీ అడుగు కొద్దిగా కోసి, పై రేకులు ఊడదీసి, నిలువుగా రెండు చెయ్యాలి. గుడ్డతో తడి పూర్తిగా ఒత్తెయ్యాలి. పెనం బాగా కాలాక కోసిన వైపు కిందికి పెట్టి, ఇక ముట్టుకోకూడదు. అదే కష్టం. చెయ్యి ఊరుకోదు, కలపమంటుంది. కలపకూడదు. ఎర్రబడ్డాక ఒక్కసారి తిప్పి, ఉప్పు, మిరియాలు వేసి దించెయ్యాలి. ఒకరోజు వెల్లుల్లి, దంచిన వేరుశనగలు. ఒకరోజు నిమ్మరసం, చెంచాడు తేనె. ఒకరోజు సన్నగా తరిగి, వెన్నలో వేయించి, మీద గుడ్లు కొట్టి పోశాను. ఊడిన రేకుల్ని పారెయ్యకుండా నూనె రాసి ఓవెన్లో పెడితే అప్పడాల్లా విరిగాయి. జడ్జి వాటిని టిఫిన్ డబ్బాలో స్కూలుకు పట్టుకెళ్ళి రబ్బర్లకు, స్టిక్కర్లకు మార్చుకుంది. టైలరమ్మ ఖాళీ గిన్నె పట్టుకుని పైకొచ్చింది.

తిననిది ఒక్క మామగారే. అదివరకు ఒకటైనా మింగేవారు, ఇప్పుడు అదీ లేదు. బల్ల దగ్గర కూర్చుని, పళ్ళెం వంక చూసి, "ఆకలి లేదు" అనేవారు. అది చూసి మా ఆవిడ కూడా పళ్ళెం పక్కకి నెట్టేసేది. అదేం విచిత్రమో, బ్రెడ్డు మాత్రం తెచ్చింది తెచ్చినట్టు అయిపోయేది. వెన్న కూడా. జడ్జిని నిలదీస్తే, "నేను కాదు, కావాలంటే నా నోరు వాసన చూడు" అని నోరు తెరిచింది.

ఒకరోజు జోరున వాన పట్టుకుని గేటు దగ్గర మీటింగు రద్దయింది. తొందరగా ఇంటికొచ్చాను. తాళం తీసి లోపలికి అడుగు పెడితే, స్టవ్ ముందు మామగారు. మఫ్లరు, చేతిలో గరిటె, నోటి నిండా ఏదో.

"ఇంత పెందరాళే వచ్చేశావేం?" అన్నారు.

"వాన. పొద్దున ఆకలి లేదన్నారు?"

"లేదు."

"నోట్లో ఏమిటి?"

నిదానంగా నమిలి మింగారు. "దొంగని పట్టుకున్నట్టు అలా నిలబడకు అల్లుడూ. గొడుగు మూసెయ్, ఇల్లంతా తడుస్తోంది."

"అంటే రోజూ మీరే తింటున్నారా? మేం లేనప్పుడు? దొంగచాటుగా తింటే ఒంటికి ఎలా పడుతుంది?"

"బెల్టు బిగుతయింది" అన్నారు, కాస్త దిగులుగా. గరిటె కింద పెట్టారు. "ఒక సంగతి చెబుతాను. అరవకూడదు. డాక్టరు చెప్పింది ఇవి కావు."

"ఏవి కావు?"

"ఈ క్యాబేజీలు. ఆయన చెప్పింది మొలకలు. గింజలు నానబెట్టి, గుడ్డలో కడితే వచ్చే మొలకలు. ఇంగ్లీషులో వాటినే స్ప్రౌట్స్ అంటారు."

గొడుగు మూశానో లేదో గుర్తులేదు. గోడకు ఆనుకున్నాను.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"వాడు బస్తా దించినప్పుడే."

"మరి అచ్చుతప్పు లేదన్నారు!"

"లేదుగా. మాట అదే, వస్తువు వేరు. ప్రూఫ్‌రీడరు మాటే చూస్తాడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రెండు బస్తాలు వండాను మామయ్యా! రెండు బస్తాలు! ఫ్యాక్టరీలో నన్ను క్యాబేజీ అంటున్నారు! మీ అమ్మాయి మిమ్మల్ని చూసి సరిగ్గా తినడం లేదు! ఒక్క మాట, ఒకే ఒక్క మాట చెబితే పోయేది కదా, ఎందుకు చెప్పలేదు?"

"యాభై దాటితే కోస్తారు కదా."

వాన పడుతోంది అన్నంత మామూలుగా అన్నారు.

"మా ఆఫీసులో నా పక్క బల్ల ఆయన ఇదే ఆపరేషన్‌కి వెళ్ళాడు" అన్నారు మామగారు, పెనం వైపే చూస్తూ. "సగం దిద్దిన పేజీ మీద పెన్సిలు అడ్డంగా పెట్టి, వచ్చి చూస్తాలే అన్నాడు. మిగతా సగం నేను దిద్దాను. పేజీ ఆగదు కదా." మఫ్లరు బిగించుకున్నారు. "ఈ దిక్కుమాలినవి నోట పెట్టలేనన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాను. ఎవరూ నన్నేమీ అనలేరు, నా అంతట నేను పెరగను. నువ్వొచ్చి ఇలా తగలేశావు."

ఓదార్చడం నాకు చేతకాదు. ఏం కాదు, భయపడకండి అని చెబుదామనుకుంటే, ఏం కాదని నాకేం తెలుసు? పెనంలో మిగిలిన ముక్కలు చిటపటలాడుతున్నాయి. వెళ్ళి మంట తగ్గించాను.

"మామయ్యా, ఇవి ఇప్పుడే దించాలి. చల్లారితే పనికిరావు. పళ్ళెం ఒకటి పెట్టనా, రెండా?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. తర్వాత అలమర తెరిచి పళ్ళేలు తీశారు. రెండు.

"అమ్మాయికి చెప్పకు."

"చెప్పను. గుడ్డు వెయ్యనా?"

"రెండు వెయ్యి. బ్రెడ్డు కూడా కాల్చు."

ఆ రోజు నుంచి ఆయన బల్ల దగ్గర అందరితో కలిసి తిన్నారు. తింటూ నన్ను తిట్టేవారు కూడా. ఈ రోజు నిమ్మ ఎక్కువైందనీ, వెల్లుల్లి మాడిందనీ. మా ఆవిడ నా వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసేది. అడిగితే ఆ తిండి ఎక్కడ ఆగిపోతుందోనని కాబోలు, ఏమీ అడగలేదు.

చలి తగ్గుముఖం పట్టాక అందరం కలిసి హాస్పిటల్‌కి వెళ్ళాం. హోల్‌సేల్ కూడా వచ్చాడు. నర్సు ముల్లు చూసి, "యాభై ఒకటి" అంది. మా ఆవిడ తండ్రి భుజం గట్టిగా పట్టుకుంది.

డాక్టరు సంతోషించాడు. "బాగా చూసుకున్నారు. ఏం పెట్టారు?"

"స్ప్రౌట్స్!" అన్నాడు హోల్‌సేల్, ఛాతీ విరుచుకుని. "మీరు చెప్పినట్టే సార్. బస్తాలు బస్తాలు మోశాను."

"బస్తాలా? ఏ గింజలు?"

"గింజలేంటి సార్? వాటిలో గింజలుండవు."

డాక్టరు విడమరిచి అడగడం, వీడు చేతులతో సైజు చూపించడం, ఆయన పెదవులు బిగబట్టి నవ్వాపుకోవడం. అంతా అయ్యాక మా ఆవిడ మెల్లగా నా వైపు తిరిగింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"నీకు తెలుసు" అంది.

"అల్లుణ్ణి అనకు" అన్నారు మామగారు. "మొదటి నుంచీ తెలిసింది నాకు. నేనే చెప్పలేదు." ఆమె నోరు తెరిచేలోపే డాక్టరు వైపు తిరిగారు. "క్యాబేజీకి బరువు రాదని నాకూ తెలుసు సార్. దాంతో వెళ్ళిన వెన్నదీ, గుడ్లదీ ఈ బరువు. ఏదైతేనేం, యాభై దాటింది. ఎప్పుడు కోస్తారో చెప్పండి."

అంటూనే బెల్టు ఒక కన్నం వదులు చేసుకున్నారు.

ఇంటికి తిరిగొస్తుంటే బస్సులో మా ఆవిడ ముగ్గుర్నీ వరసబెట్టి వాయించింది. మాట అర్థం తెలియని తమ్ముణ్ణి, తెలిసి చెప్పని తండ్రిని, తెలుసుకుని కూడా నోరు మెదపని నన్ను. నడుపుతున్నది ఆమె తోటి డ్రైవరే. అద్దంలోంచి చూస్తూ, "కానియ్యి అక్కా, ఇంకా నాలుగు స్టాపులున్నాయి" అన్నాడు.

మా సమ్మె తేలి నేను ఉదయం షిఫ్టుకు వెళ్ళడం మొదలుపెట్టిన వారమే ఆపరేషన్. సెలవు పెట్టి వరండాలో కూర్చున్నాను. తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చి, బాగానే జరిగింది, లేచేదాకా ఏమీ చెప్పలేనన్నాడు. సాయంత్రమైంది. మామగారు లేవలేదు. రేపు లేస్తారన్నారు. మర్నాడు కళ్ళు తెరిచారు గానీ ఎవర్నీ పలకరించలేదు. గొట్టంలోంచి ఎక్కుతున్నదే ఆయనకు తిండి. హోల్‌సేల్ ఎవరికి ఏం కావాలో తెలియక వరండాలో ఉన్నవాళ్ళందరికీ టీ తెచ్చాడు. ఎవరూ తాగలేదు.

ఆ తర్వాతి పొద్దున మా ఆవిడ వార్డులోంచి విసురుగా బయటికొచ్చింది. మొహం ఎర్రగా ఉంది. కళ్ళ నిండా నీళ్ళు. నేను బెంచీ మీంచి లేచాను.

"ఏమైంది?"

"నోరు విప్పాడు మా నాన్న. పొద్దుటి నుంచి చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను. అమ్మా అనలేదు. తమ్ముడేడీ అనలేదు. కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, మా అల్లుడేడీ అన్నాడు."

"నేనెందుకట?"

"ఎందుకా?" కొంగు లేదు, యూనిఫాం చేతితోనే మొహం తుడుచుకుంది. "ఆకలేస్తోందట."

నేను అలాగే నిలబడ్డాను. వెనక హోల్‌సేల్ చేతిలోంచి టీ గ్లాసు జారి పగిలింది.

"ఇంకా చూస్తావేంటి నా మొహం?" అని కసిరింది మా ఆవిడ, ఏడుస్తూనే. "ఆకలేస్తోందని చెబుతున్నానా లేదా, వెళ్ళు!"